జనవరి 1 కథ కూడా చెబుదాం: ఆస్ట్రేలియా తెలుగు సంఘాలకు, తెలుగు బడులకు ఒక బహిరంగ లేఖ

ఆస్ట్రేలియాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వారాంతపు తెలుగు బడులు నడుపుతున్న పెద్దలకు, నా తోటి టీచర్లకు నమస్కారం.

నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక తెలుగు బడిలో పదకొండేళ్లుగా ఆదివారాలు పాఠం చెబుతున్నాను. ఈ లేఖ రాయడానికి కారణం పోయిన టర్మ్‌లో మా క్లాసులో పెట్టిన ఒక డిక్టేషన్.

మన బడుల్లో డిక్టేషన్ సంగతి మీకు తెలిసిందే. ఒత్తులు, దీర్ఘాలు సరిచూడ్డానికి వారం విడిచి వారం పెడతాం. ఆ రోజు పెద్ద పిల్లలకు పది మాటలు చెబుతుంటే "విశ్వవిద్యాలయం" దగ్గర ఒక పాప పెన్సిల్ ఆపేసి, "రాయకపోతే ఏమవుతుంది టీచర్?" అని అడిగింది. ఏమీ కాదమ్మా, మళ్లీ నేర్చుకుందాం అన్నాను. అన్నాక ఊరుకోలేక, ఒకప్పుడు ఇదే దేశంలో డిక్టేషన్ తప్పిన వాళ్లను ఓడ దిగనిచ్చేవారు కాదని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. సరేనని ఫోన్‌లో జర్మన్ వార్తలు పెట్టి, యాభై మాటలు విని రాయమన్నాను. మొదట అందరూ నవ్వారు. తర్వాత క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఒక బాబు మాత్రం పట్టుదలగా చెవికి వినబడింది వినబడినట్టు తెలుగు అక్షరాల్లో రాశాడు: "ఉంట్, దెర్, ఇష్ట్, నిష్ట్..."

"అయితే మనందరం ఫెయిలేనా?" అన్నాడు.

"ఆ రూల్ ఎవరు పెట్టారు?" అంది మొదటి పాప.

ఈ దేశపు మొట్టమొదటి పార్లమెంటు, దేశం పుట్టిన మొదటి ఏడాదిలోనే పెట్టిందని చెప్పాను. అప్పుడొచ్చిన ప్రశ్నకు నా దగ్గర ఒక్క ముక్కలో చెప్పే జవాబు లేకపోయింది. "దేశం పుట్టడం ఏంటి టీచర్? అంతకు ముందు లేదా?"

ఇక్కడే పుట్టి పెరుగుతున్న పిల్లలు వాళ్లు. జనవరి 26న, ఆస్ట్రేలియా డే నాడు, మనం చేసే కార్యక్రమాల్లో బుగ్గల మీద జెండా రంగులు వేయించుకున్నవాళ్లు. ఆ రోజు మనకు గణతంత్ర దినోత్సవం కూడా కాబట్టి రెండు జెండాలూ కట్టి, రెండు జాతీయ గీతాలూ పాడించి, సాసేజ్‌ల పక్కన పులిహోర పెట్టి ఘనంగానే చేస్తాం. నేనూ దగ్గరుండి చేయించిన దాన్నే. కానీ ఆ తేదీన దేశం పుట్టలేదు. 1788లో ఆర్థర్ ఫిలిప్ ఖైదీల ఓడలతో సిడ్నీ కోవ్‌లో దిగి బ్రిటిష్ జెండా ఎగరేసిన రోజది. ఆ నేల మీద అప్పటికే వేల తరాలుగా బతుకుతున్న ప్రజలు ఈ రోజుకీ దాన్ని శోకదినంగానే తలుస్తారు. ఆస్ట్రేలియా అనే దేశం పుట్టింది ఇంకో 113 ఏళ్లకు, 1901 జనవరి 1న. పౌరసత్వ పరీక్షకు కూర్చున్న మనందరం ఈ తేదీని బట్టీ పట్టాం. పరీక్ష పాసయ్యాక ఎవరమూ మళ్లీ తలుచుకోలేదు.

నేను మిమ్మల్ని కోరేది ఇదే. ఆరు కాలనీలు ఒక దేశంగా ఎలా కలిశాయో మన పిల్లలకు మనమే చెప్పాలి. మన భాషలో చెప్పాలి. ఆ కలయికలో ఎవరిని కలుపుకున్నారో, ఎవరిని బయట ఉంచారో రెండూ చెప్పాలి.

ముందు "కాలనీ" అన్న మాట దగ్గరే ఆగాల్సి వస్తుంది. మన పిల్లలకు కాలనీ అంటే హైదరాబాద్‌లో తాతయ్య వాళ్లుండే వీధులు. ఇక్కడ కాలనీ అంటే బ్రిటన్ కింద ఉన్న ఒక్కో ప్రభుత్వం. న్యూ సౌత్ వేల్స్ నుంచి 1825లో టాస్మేనియా, 1851లో విక్టోరియా, 1859లో క్వీన్స్‌లాండ్ విడిపోయాయి. 1829లో స్వాన్ నది ఒడ్డున వెస్టర్న్ ఆస్ట్రేలియా, 1836లో సౌత్ ఆస్ట్రేలియా వేరుగా మొదలయ్యాయి. ఒక్కోదానికి ఒక గవర్నరు, ఒక పార్లమెంటు, ఒక తపాలా బిళ్ల, ఒక సైనిక దళం. పక్క కాలనీ వాడంటే పక్క దేశం వాడే.

ఎంత పక్క దేశమో చూడాలంటే ఆల్బరీ స్టేషన్‌కి వెళ్లాలి. కిందటేడు సెలవుల్లో మా అమ్మాయిని తీసుకెళ్లాను. అక్కడి ప్లాట్‌ఫామ్ ఒక చివర నిలబడితే రెండో చివర ఉన్న మనిషి వేలెడంత కనబడతాడు. దాదాపు 450 మీటర్ల పొడవు. "ఇంత చిన్న ఊరికి ఇంత పెద్దది ఎందుకమ్మా?" అంది. విక్టోరియా పట్టాల మధ్య దూరం 5 అడుగుల 3 అంగుళాలు. న్యూ సౌత్ వేల్స్ పట్టాల మధ్య 4 అడుగుల 8½ అంగుళాలు. రెండు రైళ్లూ ఇక్కడికొచ్చి ప్లాట్‌ఫామ్‌కి చెరోవైపు ఆగాల్సిందే. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే ప్రయాణికులు నిద్రలో లేచి, పిల్లల్ని, పెట్టెల్ని పట్టుకుని ఇటు దిగి అటు ఎక్కేవారు. ముందు న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్న ఐరిష్ ఇంజనీరు 5 అడుగుల 3 అంగుళాలు అన్నాడు, అందరూ ఒప్పుకున్నారు. ఆయన పోయి ఇంకొకాయన వచ్చి కాదు, 4 అడుగుల 8½ అన్నాడు. అప్పటికే విక్టోరియా ఇంజన్లకు ఆర్డరిచ్చేసింది, వెనక్కి తగ్గనంది. క్వీన్స్‌లాండ్ ఇంకా సన్నగా 3 అడుగుల 6 అంగుళాలు వేసుకుంది. గుంతకల్లులో మీటర్ గేజ్ దిగి బ్రాడ్ గేజ్ ఎక్కిన మన పెద్దవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. దేశం ఒకటయ్యాక కూడా ఈ పట్టాలు కలవడానికి అరవై ఏళ్లు పట్టింది. సిడ్నీ, మెల్‌బోర్న్ మధ్య రైలు మారకుండా ప్రయాణం 1962లోగానీ కుదరలేదు.

పట్టాల కన్నా పెద్ద గొడవ సుంకాలది. విక్టోరియా తన ఫ్యాక్టరీలను కాపాడుకోవడానికి బయటి సరుకు మీద పన్ను వేసేది. న్యూ సౌత్ వేల్స్ స్వేచ్ఛా వ్యాపారం కావాలనేది. మధ్యలో మర్రే నది. నది దాటితే కస్టమ్స్ వాళ్లు మూటలు విప్పించేవారు. ఏటి ఇవతల పండించిన రైతు ఏటి అవతల అమ్ముకోవాలంటే పన్ను కట్టాలి.

బయటి భయాలూ తోడయ్యాయి. 1883లో క్వీన్స్‌లాండ్, న్యూ గినీ దీవిలో ఉన్న పపువాని తనలో కలుపుకుంటానంటే లండన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే జర్మనీ ఆ దీవి ఈశాన్య భాగంలో జెండా పాతింది. విడివిడిగా అడిగితే మన మాట ఎవరూ వినరని అప్పుడు తెలిసొచ్చింది. 1889 అక్టోబర్ 24న టెంటర్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వాధినేత, 74 ఏళ్ల ప్రీమియర్ హెన్రీ పార్క్స్ లేచి, ఇక ఒక్క జాతీయ ప్రభుత్వం కావాలని మాట్లాడాడు. 1891లో సిడ్నీలో సభ పెట్టి రాజ్యాంగం చిత్తుప్రతి కూడా రాశారు. కానీ కాలనీల పార్లమెంటులు దాన్ని పక్కన పడేశాయి. అంతలో కరువు లాంటి ఆర్థిక మాంద్యం వచ్చి, 1893లో బ్యాంకులు వరసగా మూతపడ్డాయి.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ ఏడాదే జరిగింది. మర్రే ఒడ్డున కొరోవా అనే ఊరు. సుంకాలతో విసిగిపోయిన సరిహద్దు ఊళ్ల జనం అక్కడ చేరారు. నాయకులు ఎప్పటిలాగే తీర్మానం చేసి చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయేలా ఉన్నారు. అప్పుడు బెండిగో నుంచి వచ్చిన జాన్ క్విక్ అనే లాయరు ఒక మాట అన్నాడు. పదేళ్ల వయసులోనే ఫౌండ్రీలో, గనిలో కూలికి పోయి, తర్వాత చదువుకుని పైకొచ్చిన మనిషాయన. రాజ్యాంగం రాసే ప్రతినిధులను ప్రజలే ఓటేసి ఎన్నుకోవాలి, రాసింది మళ్లీ ప్రజల ముందుకే ఓటుకు రావాలి అన్నాడు. దాంతో విషయం నాయకుల చేతుల్లోంచి జనం చేతుల్లోకి వచ్చింది. ఏ యుద్ధంలోనూ గెలవకుండా, ఒక చిన్న ఊరి హాల్లో లేచిన ప్రతిపాదనతో ఒక దేశానికి దారి పడటం మన పిల్లలు వినాల్సిన సంగతి కాదంటారా?

1897, 98లలో అడిలైడ్, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో సమావేశాలు జరిగాయి. సౌత్ ఆస్ట్రేలియాలో అప్పటికే ఆడవాళ్లకు ఓటుంది. అక్కడ కేథరిన్ హెలెన్ స్పెన్స్ ఆ ప్రతినిధుల ఎన్నికలో పోటీ చేసింది. ఓడిపోయింది, కానీ ఈ ఖండంలో ఎన్నికల్లో నిలబడ్డ మొదటి మహిళ ఆమే. 1898లో ఓటు పెడితే విక్టోరియా, టాస్మేనియా, సౌత్ ఆస్ట్రేలియా అవునన్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో కూడా 71,595 మంది అవును, 66,228 మంది కాదు అన్నారు. అయినా ఆ కాలనీ పెట్టుకున్న నియమం ప్రకారం అనుకూలంగా 80,000 ఓట్లు రావాలి. రాలేదు. ఆగిపోయింది.

మన తెలుగువాళ్లకు బాగా అర్థమయ్యే భాగం దీని తర్వాత వస్తుంది. 1899 జనవరిలో ఆరుగురు ప్రీమియర్లు మెల్‌బోర్న్‌లో కూర్చుని బేరం మాట్లాడుకున్నారు. న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ జార్జ్ రీడ్ అడిగింది రాజధాని. సరే, రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉంటుంది, కానీ సిడ్నీకి కనీసం వంద మైళ్ల దూరంలో ఉండాలి, అది కట్టేదాకా పార్లమెంటు మెల్‌బోర్న్‌లో కూర్చుంటుంది అన్నారు. మాట ఇచ్చి ఊరుకోలేదు, రాజ్యాంగం 125వ సెక్షన్‌గా రాసుకున్నారు. చిన్నదైన టాస్మేనియా పెద్దవాటి మధ్య నలిగిపోకుండా సెనేట్‌లో, అంటే ఎగువ సభలో, అందరికీ సమాన సీట్లు, దిగువ సభలో ఎంత తక్కువ జనాభా ఉన్నా కనీసం ఐదు సీట్లు అని రాసుకున్నారు. సుంకాల ఆదాయంలో నాలుగింట మూడు వంతులు పదేళ్లపాటు రాష్ట్రాలకు తిరిగివ్వాలని కూడా రాసుకున్నారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఏమయ్యాయో మన ఇళ్లలో తాతలు చెప్పగా విన్నవాళ్లం. చిన్న ప్రాంతానికి ఇచ్చిన మాట కాగితం మీద మిగిలిపోతే, కోర్టుకు వెళ్లి అడగగలిగే చట్టం కాకపోతే, ఆ బాధ మూడు తరాలు మోయాల్సి వస్తుంది. ఆంధ్ర కుటుంబాల పిల్లలు, తెలంగాణ కుటుంబాల పిల్లలు పక్కపక్క బెంచీల్లో కూర్చునే మన బడుల్లో ఈ పోలిక చెబితే ఎవరి మనసూ నొచ్చుకోదు. పైగా మన చరిత్ర కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

1899లో మళ్లీ ఓటు. న్యూ సౌత్ వేల్స్‌లో అవును అన్నవాళ్లు 1,07,420. క్వీన్స్‌లాండ్ స్వల్ప తేడాతో ఒప్పుకుంది. వెస్టర్న్ ఆస్ట్రేలియా చివరి దాకా ఊగిసలాడి 1900 జూలై 31న ఒప్పుకుంది. అప్పటికే లండన్‌లో చట్టానికి రాణి ఆమోదం అయిపోయింది. అందుకే రాజ్యాంగం ఉపోద్ఘాతంలో కలిసిన ప్రజల పేర్లలో వెస్టర్న్ ఆస్ట్రేలియా కనబడదు. కలవనే కలవని న్యూజిలాండ్ పేరు మాత్రం లోపల ఇప్పటికీ ఉంది. ఈ రెండు సంగతులూ క్విజ్‌లో అడిగితే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

గంతులంటే గుర్తొచ్చింది. రాజ్యాంగం బిల్లు పట్టుకుని లండన్ వెళ్లిన బృందంలో ఎడ్మండ్ బార్టన్, ఆల్ఫ్రెడ్ డీకిన్, చార్లెస్ కింగ్‌స్టన్ ఉన్నారు. చివరి చిక్కు వీడిందని తెలిశాక ఆ ముగ్గురు పెద్దమనుషులూ చేతులు పట్టుకుని గదిలో గుండ్రంగా తిరుగుతూ గంతులేశారు. పదేళ్ల శ్రమ ఫలించిందన్న ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను.

కానీ ఆ ముగ్గురూ 1901లో మంత్రులయ్యారు. బార్టన్ మొదటి ప్రధాని. వాళ్ల ప్రభుత్వం మొదటి ఏడాది చేసిన పెద్ద చట్టాల్లో ఒకటి, డిసెంబర్ 23న అమల్లోకి వచ్చిన వలస నియంత్రణ చట్టం. మా క్లాసులో పాప అడిగిన "రూల్" అదే. అధికారి తనకు నచ్చిన ఏ యూరప్ భాషలోనైనా యాభై మాటలు చెబుతాడు, రాయలేకపోతే ప్రవేశం లేదు. చట్టంలో ఎక్కడా రంగు పేరు లేదు, జాతి పేరు లేదు. ఇంగ్లీషు చక్కగా వచ్చినవాణ్ని జర్మన్‌లో అడగొచ్చు, జర్మన్ వస్తే ఇంకో భాషలో అడగొచ్చు. 1934లో ఎగోన్ కిష్ అనే రచయితకు చాలా భాషలు వచ్చని తెలిసి స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉంది.

డీకిన్ గురించి చదివినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగింది. ఆయన మన దేశం తిరిగి, కాలువలు, ఆనకట్టలు చూసి మెచ్చుకుని పుస్తకం రాసినవాడు. ఆయనే పార్లమెంటులో ఆసియా వాళ్ల గురించి మాట్లాడుతూ, వాళ్ల చెడ్డ గుణాల వల్ల కాదు, కష్టపడే గుణం, ఓర్పు లాంటి మంచి గుణాల వల్లే వాళ్లు మనకు ప్రమాదం అన్నాడు. కొత్త దేశం పుట్టిన సంబరాలకు బ్రిటిష్ ఇండియా సైనికుల దళం ఒకటి ఆ జనవరిలోనే ఇక్కడికి వచ్చి, జనం చప్పట్ల మధ్య కవాతు చేసింది. అదే ఏడాది ముగిసేలోపు వాళ్ల అన్నదమ్ములకు తలుపు మూసుకుంది.

మన తెలుగువాళ్లు అప్పుడు ఎక్కడున్నారు? పక్కనే ఉన్నారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందపు కూలీలుగా, ఫిజీ చెరకు తోటలకు వెళ్లారు. ఫిజీలో ఆ చెరకు ఆడించిన మిల్లుల్లో ఎక్కువ భాగం నడిపింది సిడ్నీలో ప్రధాన కార్యాలయం ఉన్న చక్కెర కంపెనీయే. వాళ్ల చెమట ఆస్ట్రేలియా కంపెనీకి కావాలి, వాళ్లు మాత్రం ఆస్ట్రేలియాలో దిగకూడదు. ఫిజీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మన ఉగాది సభలకు వస్తుంటాయి. వాళ్లను మనం ఎన్నిసార్లు స్టేజీ మీదికి పిలిచి మాట్లాడమన్నాం?

1902లో ఆడవాళ్లకు దేశమంతటా ఓటిచ్చిన చట్టమే ఆదివాసులకు, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల వాళ్లకు ఓటు లేకుండా చేసింది. దాని మీద పోరాడినవాళ్లలో మనవాడొకడున్నాడు. మెల్‌బోర్న్‌లో ఉండే మిట్టా బుల్లోష్ అనే భారతీయుడు, రాష్ట్రంలో నాకు ఓటుంది కాబట్టి రాజ్యాంగం 41వ సెక్షన్ ప్రకారం కేంద్రంలోనూ ఉండాల్సిందేనని కోర్టుకెక్కి 1924లో గెలిచాడు. మరుసటి ఏడాది చట్టం మార్చి, ఇక్కడ ఉంటున్న బ్రిటిష్ ఇండియా వాళ్లకు ఓటిచ్చారు. మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? నాకు నాలుగేళ్ల కిందటి దాకా తెలియదు.

మనకు జరిగింది తలుపు వేయడం. ఈ నేల సొంతదారులకు జరిగింది వేరు. కాలనీలు తమలో తాము తుపాకీ పేల్చకుండా కలిసిన మాట నిజం. ఆ కలిసిన నేల మాత్రం నెత్తురు లేకుండా వాళ్ల చేతికి రాలేదు. సమాఖ్య ఏర్పడిన 27 ఏళ్ల తర్వాత కూడా, 1928లో, నార్తర్న్ టెరిటరీలోని కోనిస్టన్ దగ్గర పోలీసు బృందం ఆదివాసులను ఊచకోత కోసింది. రాజ్యాంగం 127వ సెక్షన్ దేశ జనాభా లెక్కలో వాళ్లను కలపకూడదని చెప్పింది. గొర్రెలకూ పశువులకూ లెక్కలున్న దేశంలో ఈ మనుషులు జనాభా మొత్తంలో చేరలేదు. 1967లో రెఫరెండం పెట్టి, 90 శాతానికి పైగా ఓట్లతో దాన్ని తీసేశారు. ఇప్పటిదాకా పెట్టిన 45 రాజ్యాంగ సవరణ ప్రతిపాదనల్లో నెగ్గినవి 8 మాత్రమే. 2023లో ఓడిపోయిన, ఆదివాసుల గొంతు పార్లమెంటుకు వినిపించే "వాయిస్" ప్రతిపాదన మీద మనం కూడా ఓటేశాం. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగిన చర్చ నాకు గుర్తుంది. ఈ చరిత్ర ముందే తెలిసి ఉంటే, ఎటు ఓటేసినా ఇంకాస్త అర్థం చేసుకుని వేసి ఉండేవాళ్లం.

మన పెద్దల్లో కొందరు అనే మాట నాకు తెలుసు. "మనం బతకడానికొచ్చాం. అన్నం పెట్టిన దేశం గురించి పిల్లలకు చెడు చెప్పడం దేనికి?" అంటారు. ఆ కృతజ్ఞత నాకూ ఉంది. మా అబ్బాయి నెలలు నిండకుండా పుట్టినప్పుడు ఈ దేశపు నర్సులే వాడిని కాపాడారు. అయినా మా ఊళ్లో తరతరాలుగా కొన్ని వాడలకు బావి నీళ్లివ్వని సంగతి మా పిల్లలకు చెప్పాను. మా ఊరంటే నాకు ప్రేమ తగ్గలేదు. పైగా ఈ విషయాలు పిల్లలకు హైస్కూల్లో ఎలాగూ ఎదురవుతాయి. అక్కడ రెండు పేజీల్లో ఒంటరిగా చదువుకునే కన్నా, ముందే మన మధ్య కూర్చుని, మన భాషలో ప్రశ్నలడిగి తెలుసుకుంటే మంచిది కదా.

అందుకని అడుగుతున్నాను. జనవరి 26 కార్యక్రమం మానమని నేను అనడం లేదు. ఆ రోజు ప్రసంగాల్లో "ఈ దేశం ఎప్పుడూ అందరినీ ఆహ్వానించింది" అన్న వాక్యం మాత్రం మానేద్దాం. అది నిజం కాదు. 1973లో ఆ పాత "వైట్ ఆస్ట్రేలియా" విధానం పూర్తిగా పోయాకే మనవాళ్లకు దారి పూర్తిగా తెరుచుకుంది. ఆ దారి తెరవడానికి ఎవరెవరో పోరాడారు. జనవరి మొదటి వారంలో, సెలవుల్లోనే, ఒక సాయంత్రం 1901 కథ కోసం పెట్టండి. ఉగాది సభకు స్థానిక ఆదివాసి పెద్దను పిలిస్తే ఐదు నిమిషాల స్వాగతానికి పరిమితం చేయకుండా, తగిన పారితోషికమిచ్చి, అరగంట మాట్లాడనివ్వండి. మన సినిమా పాటల డాన్సుల్లో రెండు తగ్గినా ఏమీ కాదు. మెల్‌బోర్న్ బడులవాళ్లు పిల్లల్ని 1901 మే 9న మొదటి పార్లమెంటు ప్రారంభమైన ఎగ్జిబిషన్ భవనానికి ఒక్కసారి తీసుకెళ్లండి. అక్కడికి ట్రామ్‌లోనే వెళ్లొచ్చు.

పెద్ద పిల్లల కోసం నాలుగు ఆదివారాల పాఠం తెలుగులో రాసి పెట్టాను. సమాఖ్య, సుంకం, రాజ్యాంగం లాంటి మాటలకు తేలిక అర్థాలతో ఉంది. తప్పులుంటే చరిత్ర తెలిసినవాళ్లు దిద్దండి. ఏ ఊరి బడి వాళ్లయినా వాడుకోవచ్చు, నా పేరు వేయక్కర్లేదు. మా బడి తరఫున వచ్చే వసంతకాలం సెలవుల్లో కొరోవా, ఆల్బరీ చూసి వచ్చేలా ఒక బస్సు మాట్లాడుతున్నాం. మెల్‌బోర్న్ నుంచి పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. మిగతా బడుల పిల్లలు వస్తామంటే రెండో బస్సు పెడతాం, టర్మ్ ముగిసే లోపు లెక్క చెప్పండి. భోజనం పులిహోర, పెరుగన్నం మేమే తెస్తాం. ఆ బాబు తెలుగు అక్షరాల్లో రాసిన జర్మన్ డిక్టేషన్ కాగితాన్ని కూడా తెమ్మని మా పిల్లలు అడిగారు, బస్సులో అందరికీ చదివి వినిపిస్తారట.

నమస్కారాలతో,
మెల్‌బోర్న్ నుంచి ఒక తెలుగు బడి టీచరమ్మ